ఊరు మారినా వదలని చలానా

సరిహద్దు దాటినా బండి నంబరు వెంటే జరిమానా
లైసెన్సుపై పడిన మచ్చ దేశమంతా చెల్లుబాటు

జగ్గయ్యపేట: హైదరాబాదులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి సొంత ఊరికి తిరిగి వచ్చిన ఒక యువకుడు ఇటీవల తన మోటారు సైకిలును అమ్మకానికి పెట్టాడు. బేరం కుదిరింది. బయానా సొమ్ము చేతికి అందింది. కొనే వ్యక్తిది నందిగామ కావడంతో తెలంగాణ నంబరును ఆంధ్రప్రదేశ్ నంబరుగా మార్పించవలసి వచ్చింది. అందుకు తెలంగాణ రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. దరఖాస్తు చేయబోతే అసలు సంగతి బయటపడింది. ఆ బండి మీద 14 చలానాలు ఉన్నాయి. పది హెల్మెట్ లేనందుకు, నాలుగు అతివేగానికి. హెల్మెట్ చలానా ఒక్కొక్కటి రూ.135, అతివేగం చలానా ఒక్కొక్కటి రూ.1,035 చొప్పున మొత్తం రూ.5,490. "తమ్ముడూ, ముందు ఇవి తేలితేగానీ కాగితం కదలదు" అని కార్యాలయం బయట దరఖాస్తులు నింపే వ్యక్తి తేల్చి చెప్పాడు. విషయం తెలిసిన నందిగామ వ్యక్తి బయానా వెనక్కి ఇవ్వమని అడిగాడు.

65వ నంబరు జాతీయ రహదారిపై గరికపాడు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న జగ్గయ్యపేట, కోదాడ ప్రాంతాల్లో ఇటువంటి చిక్కులు కొత్తవి కావు. ఇక్కడ సిమెంటు లారీల రాకపోకలకు రాష్ట్రాల ఎల్లలు పట్టవు. చదువుకు, ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లి, పెళ్లయిన తరవాతనో తల్లిదండ్రులకు వయసు మీద పడిన తరవాతనో తిరిగి వచ్చేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారిలో చాలామందిది ఒకటే నమ్మకం: రాష్ట్రం దాటి వచ్చేశాం కాబట్టి అక్కడి చలానా అక్కడే ఉండిపోతుంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒకప్పుడు అది దాదాపుగా నిజమే. కార్బన్ కాగితం పెట్టి చలానా రాసే రోజుల్లో ఆ పుస్తకం ఆ ఠాణాలోనే ఉండిపోయేది. లైసెన్సు వివరాలు ఆయా కార్యాలయాల రిజిస్టర్లలో ఉండేవి. ఒకచోట తీసుకున్న లైసెన్సును మరొకచోట పునరుద్ధరించినప్పుడు ఆ సంగతిని మొదటి కార్యాలయానికి తెలియజేయాలని 1988 మోటారు వాహనాల చట్టం 15వ సెక్షన్‌లోనే ఉంది. అయితే ఆ సమాచారం తపాలాలో వెళ్లి, కట్టల్లో చేరి, ఎవరైనా వెదికితేనే కనిపించేది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయిన తరవాత రవాణా శాఖలూ రెండయ్యాయి. రెండింటి కంప్యూటర్ వ్యవస్థలు వేరు. కేంద్రం నిర్వహించే వాహన్ జాతీయ సమాచార నిధిలో తెలంగాణ వివరాలు చాలా ఏళ్లపాటు చేరలేదు. 2025లో ఆ రాష్ట్రం కూడా వాహన్, సారథి వ్యవస్థల వైపు అడుగులు వేయడం ప్రారంభించింది. నడుమ ఉన్న ఈ ఖాళీలో కొందరు తప్పించుకున్న మాట వాస్తవం. వారిని చూసి మిగిలినవారు ధైర్యం తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఖాళీ పూడుకుపోతోంది.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 25ఏ సెక్షన్ ద్వారా జాతీయ లైసెన్సుల రిజిస్టరు, 62బీ ద్వారా జాతీయ వాహనాల రిజిస్టరు ఏర్పాటుకు వీలు కల్పించారు. 136ఏ సెక్షన్ రహదారులపై కెమెరా నిఘాకు చట్టబద్ధత ఇచ్చింది. దానికి అనుగుణంగా 2021 ఆగస్టులో తెచ్చిన 167ఏ నిబంధన, ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని, అందులో ఫొటోతోపాటు స్థలం, తేదీ, సమయం చూపాలని పేర్కొంది. కానిస్టేబులు బండి ఆపి అడిగే కాలంలో ఏ ఊరివాడో ముఖం చూసి తెలిసేది. కెమెరాకు ఊరు పేరుతో పని లేదు. నంబరు కనిపిస్తే చాలు.

నోటీసు పాత ఇంటికే

చిక్కంతా ఆ నోటీసు ఎక్కడికి వెళుతుందన్న దగ్గరే మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో, అంటే జనం సి-బుక్కు అని పిలిచే కార్డులో, ఏ చిరునామా ఉంటే అక్కడికే ఉత్తరం వెళుతుంది. ఏ ఫోను నంబరు నమోదై ఉంటే ఆ నంబరుకే సందేశం వస్తుంది. కూకట్‌పల్లిలో అద్దెకున్న గది ఎప్పుడో ఖాళీ చేశారు. అప్పటి సిమ్ మార్చేశారు. ఉత్తరం తిరుగు టపాలో వెళ్లిపోతుంది. యజమానికి మాత్రం ఏమీ తెలియదు. తెలియకపోయినంత మాత్రాన బకాయి మాఫీ కాదు.

చిరునామా మారితే 30 రోజుల్లోపు రవాణా అధికారులకు తెలపాలని చట్టంలోని 49వ సెక్షన్ చెబుతోంది. బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలన్నది 47వ సెక్షన్. ఈ రెండింటినీ పాటించేవారు తక్కువ. కారణం బద్ధకం ఒక్కటే కాదు. నంబరు మారిస్తే కొత్త రాష్ట్రంలో జీవితకాల పన్ను కట్టాలి, పాత రాష్ట్రంలో కట్టినదానిలో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ తిరగాలి. ఆ భయంతో అమ్మే రోజు వచ్చేదాకా ఎవరూ ఆ ఊసు ఎత్తరు.

ఆ రోజు 48వ సెక్షన్ ఎదురవుతుంది. నిరభ్యంతర పత్రం ఇచ్చే ముందు అధికారి రెండు విషయాలు చూడాలి. బండి దొంగతనం కేసులో లేదని పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకోవాలి. ఆ బండికి సంబంధించి పన్నుతో సహా ప్రభుత్వానికి రావలసిన మొత్తాలన్నీ చెల్లించారా లేదా పరిశీలించాలి. చలానా బకాయి ఇక్కడే పట్టుకుంటుంది. దరఖాస్తు సక్రమంగా ఉంటే 30 రోజుల్లోపు ఇవ్వడమో, కారణం రాసి నిరాకరించడమో చేయాలి. ఏదీ చేయకపోతే ఇచ్చినట్లే భావించాలని చట్టంలో ఉన్నా, ఆ మాట పట్టుకుని కౌంటరు దగ్గర వాదించేవారు అరుదు.

ఉమ్మడి రాష్ట్రం నాటి నంబర్లది మరో తిరకాసు. ఏపీ 09 అని ఉన్న కారును చూసి ఆంధ్రప్రదేశ్ బండే కదా అనుకుంటారు. అది హైదరాబాదు నంబరు. ఏపీ 24 నల్గొండది, ఏపీ 20 ఖమ్మంది. విభజన తరవాత వాటి రికార్డులు తెలంగాణ రవాణా శాఖ వద్దే ఉన్నాయి. యజమాని ఎన్నో ఏళ్లుగా విజయవాడలో ఉంటున్నా కాగితాల పరంగా ఆ కారు హైదరాబాదుదే. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2012, 2013 సంవత్సరాల్లో కొన్న బండ్లకు 2027, 2028లో గడువు తీరుతుంది. పునరుద్ధరణకు వెళ్లినప్పుడు పాత చలానాలు ఉంటే అప్పుడు లెక్కకు వస్తాయి. తెలంగాణ నంబర్లు 2014 నుంచి టీఎస్‌తో, 2024 మార్చి నుంచి టీజీతో మొదలవుతున్నాయి. వాటి విషయంలో ఇటువంటి పొరపాటు పడే అవకాశం లేదు.

అమ్మేశాం అనుకుంటే చాలదు

బండి అమ్మి, తెల్ల కాగితం మీద సంతకాలు పెట్టి, తాళాలు చేతిలో పెట్టి వచ్చేయడం పల్లెల్లో ఆనవాయితీ. కొన్నవాడు పేరు మార్పించుకోడు. రెండేళ్ల తరవాత అతడు హైదరాబాదులో సిగ్నల్ దాటితే చలానా పాత యజమాని పేరున పడుతుంది. జరిమానాతో పోతే ఫర్వాలేదు. పేరు మారకుండానే బండి పలువురి చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. అమ్మిన సంగతిని అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లోపు తెలియజేయాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. మరో రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే 45 రోజుల్లోపు నిరభ్యంతర పత్రం అందజేయాలి.

లైసెన్సు పోతే బత్తా పోయినట్లే

ఇంతవరకు చెప్పుకొన్నది బండి నంబరును అంటిపెట్టుకునే జరిమానా గురించి. డ్రైవరు వృత్తిలో ఉన్నవారికి దానికన్నా భయపెట్టేది లైసెన్సు మీద పడే మచ్చ. జరిమానా సొమ్ము లారీ యజమాని కట్టవచ్చు, తరవాత డ్రైవరు జీతంలో కోసుకోనూవచ్చు. లైసెన్సు పోతే దాన్ని మరొకరు కట్టి తేలేరు.

మన దేశంలో ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుందని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. జగ్గయ్యపేట డ్రైవరు అదే కార్డుతో నాగపూర్ దాకా లారీ నడపగలడు. ఆ సౌకర్యానికి రెండో ముఖం కూడా ఉంది. ఎక్కడ అనర్హత పడినా అదీ దేశమంతటా చెల్లుతుంది. అనర్హత కాలంలో బండి నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ కాలంలో ఎలాగోలా కొత్త లైసెన్సు సంపాదించినా అది చెల్లదు.

గతంలో కొందరు రెండు రాష్ట్రాల్లో రెండు లైసెన్సులు తీసుకుని, ఒకటి పోలీసుల చేతికి వెళితే రెండోది బయటకు తీసేవారు. ఒక మనిషికి ఒకే లైసెన్సు ఉండాలన్నది 6వ సెక్షన్. ఆధార్ అనుసంధానం, సారథి వ్యవస్థ వచ్చిన తరవాత ఆ ఎత్తుగడకు దారులు మూసుకుపోతున్నాయి.

న్యాయస్థానం లైసెన్సు మీద నేరాన్ని నమోదు చేయిస్తే, దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. కార్డు పోయిందని నకలు తీసుకున్నా, చిరునామా మార్చి కొత్త కార్డు తీసుకున్నా ఆ నమోదును కొత్తదాని మీదికి ఎక్కించాలని 25వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అది చెరిగేది ఒకే విధంగా. వరుసగా మూడేళ్లు మరో నమోదు లేకుండా గడపాలి. నేరం అతివేగం ఒక్కటే అయితే ఏడాది చాలు. అనర్హతలో గడిపిన కాలం ఈ లెక్కలోకి రాదు. రవాణా వాహనాల లైసెన్సు గడువు అయిదేళ్లే కాబట్టి వృత్తి డ్రైవరు ఎన్నో ఏళ్లు కార్యాలయం ముఖం చూడకుండా ఉండడం సాధ్యం కాదు.

ఇక రోడ్డు మీద పోలీసులు లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదు సంగతి. దీన్ని చాలామంది డ్రైవర్లు గమనించడం లేదు. ఈ రసీదులు రెండు రకాలు. సమన్లు అందకుండా పారిపోతాడేమోనన్న అనుమానంతో లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదు చూపి, కార్డు తిరిగి వచ్చేదాకా, లేదా అందులో రాసిన తేదీ వరకు బండి నడపవచ్చు. 2019 సవరణతో 206వ సెక్షన్‌లో చేర్చిన నాలుగో ఉపసెక్షన్ వేరు. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, మద్యం తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం వంటి నేరాలకు దాని కింద తీసుకున్న లైసెన్సును అనర్హత చర్య కోసం లైసెన్సింగ్ అధికారికి పంపుతారు. అప్పుడిచ్చే రసీదు కేవలం అందినట్లు గుర్తు మాత్రమే. దాంతో బండి నడపరాదు. సొంత జిల్లాకు వందల కిలోమీటర్ల దూరంలో సరుకు లారీతో ఉన్న డ్రైవరుకు ఆ రసీదు ఇస్తే, అక్కడి నుంచి లారీని మరో డ్రైవరు వచ్చి తేవాలి. రసీదు మీద ఏ సెక్షన్ రాశారో అప్పుడే చూసుకోవడం, అర్థం కాకపోతే అడగడం డ్రైవరుకు ఎంతైనా అవసరం.

అలా పంపిన లైసెన్సుపై నిర్ణయం తీసుకునేది లైసెన్సింగ్ అధికారి. పోలీసులు తమంతట తాము రద్దు చేయడం కుదరదు. 19వ సెక్షన్ కింద అధికారి ముందుగా డ్రైవరు వాదన వినాలి. మొదటి తప్పు అయితే మూడు నెలల అనర్హత, మళ్లీ జరిగితే లైసెన్సు రద్దు. వాదన నచ్చితే వదిలిపెట్టనూవచ్చు, అనర్హత విధిస్తే మాత్రం కారణాలు రాయాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. విచారణకు రమ్మన్న ఉత్తరం కూడా పాత చిరునామాకే వెళ్లడంతో చాలామందికి వినిపించుకునే అవకాశం చేజారుతోంది. మూడు నెలలపాటు బత్తా, జీతం రెండూ లేకుండా ఇల్లు గడవడమంటే ఏమిటో లారీ డ్రైవరు భార్యను అడిగితే తెలుస్తుంది.

తాగి నడిపితే చలానాతో పోదు

మద్యం తాగి నడిపిన కేసుకు అక్కడికక్కడ జరిమానా కట్టి బయటపడే వీలు లేదు. 185వ సెక్షన్ కింద అది న్యాయస్థానానికి వెళ్లవలసిందే. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరమే. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల జరిమానా, లేదా రెండూ. హైదరాబాదులో పట్టుబడి, ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేసి, వాయిదాకు వెళ్లనివారికి మొదట సమన్లు, తరవాత వారెంటు జారీ అవుతాయి. వారెంటును దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చు. స్థానిక పోలీసులు ఇంటికి వచ్చిన రోజున గానీ తండ్రికి కొడుకు కేసు సంగతి తెలియని ఇళ్లు ఉన్నాయి.

మామూలు చలానాల విషయంలోనూ కొన్ని రాష్ట్రాల్లో న్యాయస్థానం ఫోనులోకే వచ్చింది. 2019లో ఢిల్లీలో మొదలైన వర్చువల్ కోర్టులు తరవాత కర్ణాటక, తమిళనాడు వంటి రాష్ట్రాలకూ విస్తరించాయి. బెంగళూరులోనో చెన్నైలోనో పడిన చలానా గడువులోగా కట్టకపోతే అక్కడికి చేరవచ్చు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టాలా, కాదని వాదించాలా అన్నది వాహనదారుడే తేల్చుకోవాలి.

ఈ ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన పిల్లలున్న ఇళ్లలో ఈ మాట మరో విధంగా వినిపిస్తుంది. అక్కడ లైసెన్సు రాష్ట్రానికి రాష్ట్రం వేరు. టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి మారితే కొత్త రాష్ట్రపు లైసెన్సు తీసుకోవాలి. అయినా పాత తప్పు వదలదు. 1960 దశకం నుంచి అత్యధిక రాష్ట్రాలు ఒప్పందం కుదుర్చుకుని, పరాయి రాష్ట్రంలో పడిన శిక్షల వివరాలను సొంత రాష్ట్రానికి పంపుతున్నాయి. లైసెన్సు రద్దయినవారి పేర్లు జాతీయ రిజిస్టరులో ఉంటాయి. అక్కడ యాభై లైసెన్సులను ఒప్పందంతో ముడివేస్తే, ఇక్కడ లైసెన్సు మొదటి నుంచీ ఒకటే, ముడిపడవలసింది కార్యాలయాలే.

ఎక్కడ చూసుకోవాలి?

తెలంగాణ పోలీసుల చలానాలు ఆ రాష్ట్ర ఈ-చలానా వెబ్‌సైటులోనూ, ఇతర రాష్ట్రాల చలానాలు చాలావరకు కేంద్ర పరివాహన్ ఈ-చలానా వెబ్‌సైటులోనూ కనిపిస్తాయి. బండి నంబరుతోపాటు ఇంజిన్ లేదా ఛాసిస్ సంఖ్యలో చివరి అంకెలు అవసరం కావచ్చు, కనుక సి-బుక్కు దగ్గర పెట్టుకోవాలి. హైదరాబాదులో తిరిగిన బండి అయితే రెండుచోట్లా చూడాలి. ఒకచోట ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

ఇదే అదనుగా మోసగాళ్లూ తయారయ్యారు. చలానా కట్టాలంటూ వాట్సాప్‌లో సందేశం పంపి, దానితోపాటు ఒక యాప్ ఫైలు జోడిస్తారు. దాన్ని తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. అసలు ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర జీవోవీ డాట్ ఇన్ అని ఉంటుంది. చలానా కట్టడానికి ఏ పోలీసూ ఫైలు పంపి తెరవమనడు.

బండి ఎప్పుడూ ఈ జిల్లా దాటకపోయినా హైదరాబాదు చలానా వచ్చిందని ఫిర్యాదు చేసేవారూ ఉన్నారు. నంబరు పలకలో ఒక అంకె తప్పుగా చదవడం, మరొకరు అదే నంబరు తగిలించుకుని తిరగడం ఇందుకు కారణాలు. అటువంటప్పుడు చలానాలోని ఫొటోను తెరిచి బండి రంగు, మోడల్ పోల్చి చూసుకుని, వెబ్‌సైటులోని ఫిర్యాదు విభాగంలో తమ బండి ఫొటోతో అభ్యంతరం నమోదు చేయాలి. గొడవెందుకని కట్టేస్తే ఆ దొంగ నంబరు బండి చేసే తదుపరి తప్పూ తమ ఖాతాలోనే పడుతుంది.

రాయితీ కోసం ఎదురుచూసేవారు మరికొందరు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. కర్ణాటకలో 2023 ఫిబ్రవరిలో 50 శాతం తగ్గించారు. క్రమం తప్పక కట్టినవాడు పూర్తిగా చెల్లించి, ఎగవేసినవాడు నాలుగో వంతుతో బయటపడడం ఏ న్యాయమో ఏలినవారే చెప్పాలి. పైగా ఆ గడువులు కొద్ది రోజులే. ఊరు విడిచి వచ్చినవారికి ఆ వార్త తెలిసేసరికి గడువు ముగిసిపోతోంది.

హైదరాబాదు నుంచి వచ్చిన యువకుడు చివరికి రూ.5,490 ఫోనులోనే చెల్లించి, నిరభ్యంతర పత్రానికి దరఖాస్తు చేశాడు. అది చేతికి వచ్చేసరికి దాదాపు నెల పట్టింది. నందిగామ వ్యక్తి అప్పటికే మరో బండి కొనుక్కున్నాడు.